రహిమున్నీసా మోకాలి నొప్పి

రెండో నెల రాగానే ఆసుపత్రిలో పేరు రాయించుకోవాలని అర్ఫా పట్టుబట్టింది. తొలిచూలు కనుక, మూడో నెల దాటకముందే నలుగురికీ తెలిస్తే దిష్టి తగులుతుందని అత్తగారు రహిమున్నీసా భయం. చివరకు, తన మోకాలి నొప్పికే వెళుతున్నట్టు చెప్పాలన్న షరతు మీద ఆమే కోడల్ని నల్లపాడు ఆసుపత్రికి తీసుకువెళ్లింది.

"ఇంకో నెలాగి వస్తే కాదామ్మా? దిష్టి తగులుతుందని భయం," అని రహిమున్నీసా అక్కడి నర్సు జాస్మిన్‌ను అడిగింది.

"బిడ్డకు మెదడూ వెన్నెముకా రూపుకట్టేది ఈ మొదటి వారాల్లోనేనండి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆలస్యం చేయకూడదు. దిష్టికి మా దగ్గర మందు లేదు గానీ, రక్తం తక్కువైతే ఉంది."

బరువు, బీపీ చూశారు. రక్తమూ మూత్రమూ పరీక్షకు తీసుకున్నారు. సూది గుచ్చేటప్పుడు కళ్లు మూసుకున్నది మాత్రం రహిమున్నీసాయే.

తిరిగి వచ్చేసరికి పొరుగింటి వీరమ్మ వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"మోకాలికి ఏమన్నారు వదినా?"

"రోజూ ఒక మాత్ర వేసుకోవాలంట. బరువులెత్తకూడదంట. నెలకి మళ్లీ రమ్మన్నారు."

"అట్నా? అయితే ఆ మోకాలికి ఏం పేరు పెడదామనుకుంటున్నావు?"

అర్ఫా నవ్వు ఆపుకోలేకపోయింది. రహిమున్నీసా బెదురుతూ వీరమ్మ కళ్లలోకి చూసింది. ఎంత వెతికినా అక్కడ సంతోషమే కనిపించింది.