బర్రెలున్న ఇంట్లో పథ్యం

ప్రవళిక పాలు, పెరుగు మానేసి నెల దాటింది. చొప్పదండిలోని అత్తగారింట్లో రెండు పాడిబర్రెలున్నాయి. అత్త కిష్టవ్వ పొద్దున్నే పాలు పిండి నాలుగిళ్లకు పోసి వస్తుంది. కొడుకు రంజిత్ మస్కట్ పోయాక కూడా ఆమె బర్రెల్ని వదులుకోలేదు. అలాంటి ఇంట్లో బాలింత నల్ల చాయ్ తాగుతుంటే ఆమెకు చూడబుద్ధి కాలేదు.

మూడో నెలలో పాప విరేచనంలో జిగటతో పాటు నెత్తురు చారలు కనిపించాయి. కరీంనగర్‌లో పిల్లల డాక్టర్ చూసి, తల్లి తినే పాల పదార్థాలు, సోయా పాపకు పడటం లేదేమో అన్నాడు. రెండూ పూర్తిగా మానేయమన్నాడు. తల్లిపాలు మాత్రం ఆపొద్దన్నాడు. కాల్షియం మాత్రలు రాసిచ్చి, తగ్గడానికి వారాలు పడుతుందని చెప్పాడు.

ఆ రోజు నుంచి ఆమెకు పప్పు, పచ్చిపులుసు, జొన్నరొట్టె. జొన్నపిండి ఉట్నూర్ దగ్గరి పుట్టింటి నుంచి తల్లి శంకరవ్వ బస్సులో పంపేది. బిస్కెట్ ప్యాకెట్ల వెనక చిన్న అక్షరాలు చదివి, ప్రవళిక మళ్లీ అక్కడే పెట్టేసేది. పాపకు పాలిచ్చి లేస్తే కళ్లు తిరిగేవి. ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు.

మూడు వారాలకు నెత్తురు ఆగింది. పది రోజులు పోయాక మళ్లీ కనిపించింది.

ప్రవళిక పాప గుడ్డ చేత్తో పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడింది.

"అత్తమ్మా, కూరల ఏమన్న కలిపినవా?"

"ఏం కలుపుత బిడ్డా?"

"నెయ్యో, పాలో. నేను బక్కగయితున్ననని నీకు ఫికర్ ఉంటది గద. జర నిజం చెప్పు."

కిష్టవ్వ చేతిలోని గంటె కింద పెట్టింది. "నేనేం కలపలే" అంది. కొంగుకు చేతులు తుడుచుకుని, "రేపటి సంది నీ కూర నువ్వే వండుకో" అని బయటికి పోయింది.

మర్నాటి నుంచి ప్రవళిక పాపను చంకనేసుకుని పొయ్యి దగ్గర నిలబడేది. పాప ఏడిస్తే మంట తగ్గించి పాలివ్వడం, మళ్లీ వచ్చి వండుకోవడం. ఒక్కోసారి అన్నం అడుగంటేది. అయినా అదే తినేది. ఐదు రోజులు గడిచినా పాపకు తగ్గలేదు.

ఆరో రోజు శంకరవ్వ ఫోన్ చేసింది. "పిండి ఒడిసిందా? ఇంకో సంచి పంపుత. గీసారి రొట్టె ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. ఏమైంది?"

"నువ్వు పాలు తాగుతలేవు గద. బలముంటదని గిర్నిల జొన్నలల్ల ఇన్ని సోయాలు పోసి పట్టిచ్చిన."

ప్రవళిక మంచం మీద కూర్చుండిపోయింది. "అవ్వా, అది తినొద్దన్న గద."

"మీల్‌మేకర్ తినొద్దన్నవ్. సోయాలని ఎప్పుడన్నవ్ బిడ్డా? మన చేన్ల పండినయే అవి."

నిజమే. డాక్టర్ సోయా అన్నప్పుడు ఆమెకు కూరలో వేసే మీల్‌మేకరే గుర్తొచ్చింది. తల్లికీ ఆ మాటే చెప్పింది. అటు శంకరవ్వ ఏడుస్తోంది. ఎవరి మీదా కోపం తెచ్చుకునే శక్తి కూడా ప్రవళికకు లేదు. "ఏడ్వకు అవ్వా. నేనే సరిగ చెప్పలే" అని ఫోన్ పెట్టేసింది.

కిష్టవ్వ కొట్టంలో కుడితి కలుపుతోంది.

"అత్తమ్మా, పిండిల ఉన్నదట. మా అవ్వ తెల్వక సోయాలు కలిపింది. నిన్ను అనరాని మాటన్న."

కిష్టవ్వ కుడితిలోంచి చెయ్యి తీయలేదు. "నేను కలపలే గనీ, కలుపుదామనుకున్న" అంది నెమ్మదిగా. "రెండుసార్లు నెయ్యి గిన్నె చేతికి తీసుకున్న. పొల్ల మొఖం యాదికొచ్చి మల్ల పెట్టేసిన. గందుకే నువ్వడిగినప్పుడు గట్టిగ చెప్పనీకి నోరు రాలే."

లోపల పాప లేచి ఏడుపు అందుకుంది.

ఆ పిండి మానేశాక పాపకు తగ్గడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. డాక్టర్ బరువు చూసి బాగుందన్నాడు. పాపకు ఏడాది దగ్గరపడేదాకా ఈ పథ్యం తప్పదన్నాడు. రంజిత్ వీడియో కాల్‌లో "ఇంకా గన్ని నెలలా?" అన్నాడు. ప్రవళిక తల మాత్రం ఊపింది.

కరీంనగర్ నుంచి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి కిష్టవ్వ అన్నం, టమాట పప్పు వండి పెట్టింది. పాపను తన చేతుల్లోకి తీసుకుంది. ప్రవళిక అందులో ఏమేశావని అడగలేదు. సగం తిని, ఎంగిలిచేత్తోనే గోడకు ఆనుకుని నిద్రపోయింది.