అందరూ ముఖ్య అతిథులే

పిల్లలకు డిజైన్ సాఫ్ట్‌వేర్ అలవాటు చేయాలని హనుమకొండలో మా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. చివర్లో ‘రాయబారి’ అని ఒక బ్యాడ్జీ తగిలించి పంపారు. మా ఆయన హైదర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఏ దేశానికి పంపుతాండ్లు నిన్ను?” అన్నాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నేను చెప్పేది సోషలే గానీ, రంగులంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

మా ప్రభుత్వ హైస్కూలు మడికొండ దాటాక వస్తుంది. కంప్యూటర్ గదిలో తొమ్మిదో తరగతి కోసం వారానికి ఒక పీరియడ్ సంపాదించాను. అది తేలిగ్గా రాలేదు. హెడ్మాస్టర్ రమాకాంత్ సారు ఆ పీరియడ్‌ను లెక్కలకు ఇవ్వాలని ఎప్పటి నుంచో కన్నేసి ఉన్నారు.

మొదట నీటి పొదుపు మీద పోస్టరు చేయమన్నాను. వచ్చినవన్నీ ఫ్లెక్సీలే. కాశిఫ్ అయితే నల్లకళ్లద్దాలు పెట్టుకుని తెర నిండా నిలబడ్డాడు. కింద వరుసగా దోస్తుల ఫోటోలు, మూలన బిక్కుబిక్కుమంటూ ఒక నీటి చుక్క. పొద్దున లేస్తే చౌరస్తాలో వాళ్లకు కనబడేవి అవే మరి. పెద్ద ఫోటో పెద్దమనిషిది, కింద చిన్న ఫోటోలు శుభాకాంక్షలు చెప్పేవాళ్లవి. నాకు ఒళ్లు మండింది. సరిగ్గా అప్పుడే సారు లోపలికి వచ్చారు.

“గిది మీరు నేర్పకున్నా వీళ్లకు వస్తది టీచర్. ఈ పీరియడ్ లెక్కలకు ఇస్తా” అన్నారు.

“ఒక్క చాన్స్ ఇయ్యండి సార్.”

ఆయన కాశిఫ్ తెర వంక ఓసారి చూశారు. “శనివారం తల్లిదండ్రుల మీటింగ్ ఉంది. మీ పిల్లల డిజైన్లు చూసి సగం మంది వచ్చినా పీరియడ్ మీకే.”

పోయినసారి మీటింగుకు వచ్చింది నలుగురు. అందులో ఒకాయన మధ్యాహ్న భోజనం బియ్యం బస్తా దించడానికి వచ్చి, ఫ్యాను కింద బాగుందని కూర్చున్నాడు.

ఇంటికెళ్లి కోపం చల్లారాక ఆలోచించాను. ఫ్లెక్సీ వాళ్లకు వచ్చు. అందులో ఎవరి ఫోటో పెద్దగా ఉండాలన్నదే మార్చాలి. మర్నాడు సోషల్ పీరియడ్‌లో కూడా వాళ్లను కంప్యూటర్ గదికే తీసుకెళ్లి, “ముఖ్య అతిథి మీ అమ్మో నాన్నో. కింద చిన్న ఫోటో మీది” అన్నాను.

“మా నాయినది ఆధార్ కార్డు ఫోటోనే ఉంది టీచర్” అంది అనూష.

“ఇంటికి పోయి కొత్తది తియ్యి. నవ్వేటప్పుడు తియ్యి.”

తమన్నా వాళ్లమ్మ సుగ్రా బేగం ఫోటో వద్దంది. అమ్మీ అంటే నీకు ఏం గుర్తొస్తుందని అడిగితే, ఆ పిల్ల పెద్ద ఫోటో ఉండాల్సిన చోట కుట్టుమిషన్ బొమ్మ పెట్టి చుట్టూ గులాబీలు అల్లింది. పేరు పెద్దక్షరాల్లో ఎందుకు ఉండాలో, ముదురు రంగు మీద ఏ అక్షరం తేలుతుందో వాళ్లు పోట్లాడుకుంటూ నేర్చుకున్నారు. నాకు సంబరమనిపించింది.

శుక్రవారం ఎవరి డిజైన్ వాళ్ల ఇంటి ఫోనుకు వెళ్లింది. ‘మా బడికి విచ్చేయుచున్న ముఖ్య అతిథి శ్రీ కట్టయ్య గారికి స్వాగతం, సుస్వాగతం.’ ఇలా పంపితే ఏమవుతుందో నాకు తట్టనే లేదు. ప్రతి ఒక్కరూ ముఖ్య అతిథి తామొక్కరే అనుకున్నారు.

శనివారం గేటు దగ్గర ఇస్త్రీ చొక్కాలు, పండగ చీరలు. సగం కాదు, దాదాపు అందరూ వచ్చారు. అనూష వాళ్ల నాన్న కట్టయ్య తలకు నూనె రాసి దువ్వుకుని వచ్చి, “స్టేజీ ఎటు దిక్కు టీచరమ్మా?” అని అడిగాడు. వెనకాయనదీ అదే ప్రశ్న. సుగ్రా బేగం ఫోను తెరిచి కుట్టుమిషన్ చూపించి, “ఇది నేనే” అంది. స్టేజీ మీద కుర్చీలు ఐదు. సారు నన్ను మింగేసేలా చూశారు.

నేను మైకు తీసుకుని ఉన్నమాట చెప్పేశాను. ఈ రోజు అందరూ ముఖ్య అతిథులేనని. కాసేపు గుసగుసలు. తర్వాత కట్టయ్య నవ్వాడు. “అయితే స్టేజీ సరిపోదు. ఆ కుర్చీలు కిందికి దించుండ్రి.” అందరికంటే ముందు సారే వెళ్లి కుర్చీలు దించారు.

కట్టయ్య చేతికి మైకు ఇచ్చాం. “ఫ్లెక్సీలకు కర్రలు కట్టుడే నా పని. శాన గోడలు ఎక్కిన. అండ్ల నా ఫోటో ఎన్నడు లేదు. నా బిడ్డ ఏం నేర్చుకుంటాందో నాకు తెల్వది గని, నేర్పుండ్రి” అన్నాడు. మీటింగ్ అయ్యాక సారు నా దగ్గరికొచ్చి, “పీరియడ్ మీకే టీచర్” అని వెళ్లిపోయారు.

తర్వాతి వారం అదే పీరియడ్‌లో తలుపు తెరుచుకుంది. సారు. మాట మార్చడానికే వచ్చారనుకున్నాను. ఆయన నన్ను చూడలేదు. అనూష పక్కన స్టూలు మీద కూర్చుని జేబులోంచి ఫోను తీశారు. అందులో పాత ఫోటో, తలకు రుమాలు చుట్టుకుని ఎండకు కళ్లు చికిలించిన ఒక మనిషి.

“మా నాయిన బిడ్డా. స్టేషన్ ఘన్‌పూర్‌ల ఒకరి కాడ పాలేరుగ జీతముండె. నన్ను చదివిచ్చిండు గని, బడి లోపటికి ఒక్కసారి గూడ రాలే. గేటు కాన్నే నిలబడెటోడు. ఇప్పుడు లేడు.”

“పైన ఏం రాయాలె సార్?”

“ముఖ్య అతిథి అని రాయి.”

అనూష రాసింది. ఫోటోను లాగి తెర నిండా పరిచింది. “కింద మీ ఫోటో చిన్నగ పెట్టాల్నా సార్?”

“మస్తు చిన్నగ పెట్టు బిడ్డా” అన్నారు సారు.