ఐసు అరలో సూదిమందు

నేను ఒక సూదిమందుని. సూది బిగించిన గాజు గొట్టంలో నా కాపురం. నన్ను చూడగానే మనుషులు మొహం తిప్పుకుంటారు. వాళ్ల ఒంట్లో జరిగే బాగోతం చూసి నిజానికి నేనే తిప్పుకోవాలి.

ఉక్కు తొట్టెల్లో పెంచిన ఒక రకం ఎలుక కణాలు నన్ను తయారుచేశాయి. నేనొక ప్రోటీన్‌ని. నాకున్న రెండు చేతులూ ఒకే ఒక్కణ్ణి పట్టుకోవడానికి. వాడి పేరు టీఎన్ఎఫ్. వాడూ ప్రోటీనే, మనిషి రక్షణ కణాల వార్తాహరుడు. క్రిమి చొరబడితే కేకలేసి సైన్యాన్ని పోగుచేయడం వాడి ఉద్యోగం. కొందరి ఒంట్లో వీడికి మతి చెడుతుంది. దొంగ లేకపోయినా కేకలే. సైన్యం వచ్చి కీళ్లమీద పడుతుంది, కీళ్లు వాస్తాయి, ఎముకను కొరికే కణాలు కూడా లేచి పనిలోకి దిగుతాయి. కంచే చేను మేయడమంటే ఇదే. ఇలాంటి కాపలావాణ్ణి ఒంట్లో పెట్టుకుని, సృష్టిలో మేమే తెలివైనవాళ్లమంటారు మనుషులు!

నరసాపురం దగ్గరి పల్లెలో లేసు అల్లే సువార్త కోసం నన్ను ఇచ్చారు. ముప్ఫై ఆరేళ్ల మనిషి. కుడి బొటనవేలు అప్పటికే వంకర తిరిగింది, లేసు సూది జారిపోతోంది. క్రిస్మస్‌కి మందిరంలో బల్లమీద పరవాల్సిన గుడ్డ సగంలో ఆగింది.

"జబ్బు ఎముక అంచులు తినేసింది. ఇప్పుడు ఆపకపోతే ఈ వేలు ఇక సూది పట్టదమ్మా" అన్నాడు డాక్టరు ఎక్స్‌రే చూసి.

నర్సు ఐసు డబ్బాలో పెట్టి ఇస్తూ, శనివారం వేసుకోమనీ, అందాకా ఫ్రిజ్జులో ఉంచమనీ చెప్పింది. గడ్డకట్టనివ్వద్దని చెప్పలేదు. ఆ ముక్క నా అట్టపెట్టె మీద ఉంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. రాసినవాడు తన పని అయిపోయిందని హాయిగా భోజనానికి వెళ్లి ఉంటాడు.

రెండు రోజులు కింది అరలో బాగానే ఉన్నాను. శుక్రవారం సువార్త అత్త కరుణమ్మ, కోడలి ఎముకలకు బలమని మేక కాళ్ల సూపు కాచింది. ఎముక జబ్బుకి ఎముకల నీళ్లు! ఆ గిన్నెకు చోటు చాలలేదు. అడ్డంగా కనిపించింది నేనే.

"అంత పెద్ద మందు పెరుగు గిన్నె పక్కనేటే? పైన ఐసులో ఎట్టేత్తాను, సల్లగా ఉంటాది."

"అలాగే అత్తయ్యా."

తెల్లారేసరికి గడ్డకట్టాను. నాలాంటివాడు ఒకసారి గడ్డకడితే కరిగినా ఇక పనికిరాడు. నా చేతులు ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుపోయాయి. బయటికి తీశాక కరిగి, పైకి మాత్రం తేటగానే కనిపించాను.

శనివారం సువార్త కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆ వంకర వేలితో నన్ను పట్టుకోవడానికి మూడుసార్లు తంటాలు పడి, తొడలో పొడుచుకుంది. టీఎన్ఎఫ్ నా ముందునుంచే కేకలేసుకుంటూ పోయాడు. వాణ్ణి పట్టుకోలేకపోయాను. అప్పుడు మాత్రం నా వెటకారానికి నాకే సిగ్గేసింది.

నా చివరి చుక్క ఒకటి మిగిలిన గొట్టాన్ని పౌడరు డబ్బాలో వేసి ఫ్రిజ్జు మీద పెట్టారు. రెండు వారాలైనా వాపు తగ్గలేదు. బల్లగుడ్డ సగంలోనే ఉంది. ఇవాళ ఐసు డబ్బాలో నా తమ్ముడు వచ్చాడు.

"కిందటిది రెండ్రోజులు కిందే ఉంచేసేం కదే, సల్లదనం సాల్లేదు" అంది కరుణమ్మ, ప్రాణం పెట్టి ఆలోచించి. "దీన్ని ముందే పైనెట్టేత్తాను."

సువార్త ఎడమచేత్తో ఐసు అర తలుపు తీసి పట్టుకుంది.