రెక్క తిరగని మలుపు

పొడుగు ట్రైలరు తోలే ఆ డ్రైవరుకి మాటలు తక్కువ. ఇరవై రెండేళ్లుగా గాలిమరల రెక్కలు మోసి మోసి, పక్కవాడు పది మాటలంటే తాను ఒకటి అనడం అలవాటైంది. స్టీరింగు చేతిలో ఉంటే ఆ ఒక్కటీ అనడు. ఆ లోటు తీర్చడానికి వాళ్ల అక్క మొగుడున్నాడు. మెడలో రిమోటు పెట్టె వేలాడేసుకుని, ట్రైలరు వెంట నడుస్తూ వెనక చక్రాలను అటూ ఇటూ తిప్పడం బావ పని. చేతులు పెట్టె మీద ఉన్నా నోరు ఊరుకోదు.

ఈసారి వాళ్లు మోయాల్సింది గాలిమర రెక్క కాదు. విమానం రెక్క.

విమానాలు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటి ఫ్యాక్టరీకి చోటు వెతుకుతోంది. తొమ్మిది ఊళ్లు పోటీపడితే వడపోతలో రెండు మిగిలాయి. స్థలం, కరెంటు, నీళ్లు, పని నేర్చిన చేతులు, వీటన్నిట్లో ఈ ఊరిదే పైచేయి. ఒక్కదాంట్లోనే వెనకబాటు. రెక్కలు రేవులో ఓడ దిగి రోడ్డు మీద రావాలి. అవతలి ఊళ్లో ఆ రోడ్డు గీత గీసినట్టుంది. ఇక్కడ పెద్దరోడ్డు మీంచి ఫ్యాక్టరీ దారిలోకి ఎడమకి తిరిగే చోట ఇరుకు మలుపుంది. ఆ మలుపు మూలనే అక్క బట్టలు కుట్టే షాపు.

పరిశ్రమల ఆఫీసరు దానికి మందు ముందే రాసిపెట్టాడు. మూల మీది ఆరు షాపులు పడగొట్టడమే. గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు కూడా వేయించాడు. అక్క షాపు ఒకటో నంబరు.

"చదువులో ఎన్నడూ రాలేదు గానీ, ఇన్నాళ్లకి ఫస్టొచ్చాను," అంది అక్క సూదిలో దారం ఎక్కిస్తూ. ఆ తర్వాత నవ్వలేదు. పదహారేళ్లుగా ఆ నాలుగు మిషన్లే ఇంటికి ఆధారం. బావ సంపాదన బావ నోటికే చాలదని ఆమె అంటూ ఉంటుంది.

ఆ సాయంత్రం డ్రైవరు మూల దగ్గరికి పోయి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. షాపుల వైపు కాదు, దారికి అవతలి మూల వైపు. అక్కడ నీళ్ల ట్యాంకు వాళ్ల ఖాళీ జాగా ఉంది. చుట్టూ నడుమెత్తు గోడ, లోపల గడ్డి తప్ప ఏమీ లేదు.

మర్నాడు బావని వెంటబెట్టుకుని ఆఫీసరు గదికెళ్లాడు.

"పడగొట్టక్కర్లేదు సార్. తిరుగుతుంది."

"మా ఇంజనీర్లు కంప్యూటర్లో మూడుసార్లు తిప్పి చూశారయ్యా. మూడుసార్లూ షాపుల్లోకే దూరింది."

"ముందుకి తిప్పుంటారు."

"మరెలా తిప్పాలి?"

"వెనక్కి."

ఈ మనిషి మాటలకి అర్థం చెప్పేది మీరేనా అన్నట్టు ఆఫీసరు బావ వంక చూశాడు. బావ బల్ల మీది స్కేలు అందుకున్నాడు.

"ఈ టీ కప్పు మా ఆవిడ షాపు సార్. ఈ ఫోను నీళ్ల జాగా. ఇలా ముందుకి తిరిగితే రెక్క నడుము వెళ్లి కప్పుకే కొడుతుంది. అలా కాకుండా మలుపు దాటేసి ముందుకి పోయి, తోక ముందు పెట్టుకుని వెనక్కొచ్చామనుకోండి, అప్పుడు నడుము వాలేది ఫోను వైపు. గోడ నడుమెత్తు, మా సరుకు తలెత్తు. గోడ పైనుంచి పోతుంది. ఆ తర్వాత నాలుగొందల మీటర్లు వెనక్కే పోయి, కలప డిపో మైదానంలో మూతి తిప్పుకుంటాం."

ఆఫీసరు స్కేలు తీసుకుని తానే రెండుసార్లు తిప్పి చూశాడు.

"కంపెనీ మేడం గురువారం వస్తోంది. ఆమె కళ్ల ముందే తిప్పాలి. షాపు గోడకి గీత పడిందా, సాయంత్రానికల్లా బుల్డోజరు దిగుతుంది. అసలు ఆమెకే నచ్చలేదనుకో, ఫ్యాక్టరీ అవతలి ఊరికి పోతుంది."

"సరే," అన్నాడు డ్రైవరు.

బయటికొచ్చాక బావ అందుకున్నాడు. "షాపు నాది, పెళ్లాం నాది. 'సరే' మాత్రం నీది. బాగుందిరా పంపకం."

గురువారం పొద్దున ట్రైలరు మీద ముప్పై నాలుగు మీటర్ల ఇనప గొట్టాల చట్రం కట్టారు, రెక్క కొలతకి సరిగ్గా. అక్క గుమ్మంలోకొచ్చి అడిగింది.

"మిషన్లు సర్దేసుకోమంటావా తమ్ముడూ?"

"కుట్టుకో."

ఆఫీసరు చెప్పిన కంపెనీ మేడం ఇంజనీరు, పొట్టి మనిషి. చేతిలో కొలత టేపు, చెవి మీద పెన్సిలు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి ఒకటో నంబరు గోడ పక్కన నిలబడింది.

ట్రైలరు మలుపు దాటి ముందుకి పోయింది. ఆగింది. వెనక్కి కదిలింది. వాకీటాకీలో బావ గొంతు మోగుతూనే ఉంది. "రా... రా... పెళ్లికూతుర్లా రా... ఇంకా రా..." తోక ఫ్యాక్టరీ దారిలోకి తిరిగింది. నడుము నీళ్ల జాగా గోడ మీదికి వాలింది. ఉన్నట్టుండి బావ మూగబోయాడు. డ్రైవరు బ్రేకు నొక్కాడు.

"ఏంటి?"

"షాపు గోడకీ తోకకీ మధ్య నాకు వెలుతురు కనపడట్లేదురా."

బావ గొంతులో అంత బరువు డ్రైవరు ఎప్పుడూ వినలేదు. అద్దంలోకి చూశాడు. తోక బయటికి కొడుతోంది, అంతే. చోటుంది.

"చక్రాలు నీళ్ల గోడ వైపు ఇంకాస్త తిప్పు బావా."

"తిప్పితే నీ మూతి ఎదురు ఫుట్‌పాత్ ఎక్కుతుంది."

"మూతి సంగతి నాకొదిలెయ్. తోక నువ్వు చూసుకో."

చక్రాలు తిరిగాయి. ట్రైలరు అంగుళం అంగుళంగా జరిగింది. తోక గోడని దాటింది. ఇంజనీరు టేపు తీయలేదు. సందులో చెయ్యి పెట్టి చూసుకుంది. జానెడు.

ఆఫీసరు చప్పట్లు కొట్టబోయాడు.

"మళ్లీ," అంది ఆమె.

"అయిపోయింది కదా మేడం," అన్నాడు బావ, చెమట తుడుచుకుంటూ.

"ఒకసారి ఎవరికైనా కుదురుతుంది. నాకు ఇరవై ఏళ్లపాటు వారానికి రెండుసార్లు కుదరాలి."

డ్రైవరుకి ఆ మాట నచ్చింది. తానైనా అదే అడిగేవాడు. మైదానంలో తిప్పుకుని, చుట్టుదారిన పెద్దరోడ్డుకొచ్చి, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. జానెడు మీద నాలుగు వేళ్లు. షాపు గోడకి ఇవతల చట్రం జరుగుతుంటే గోడకి అవతల మిషను చప్పుడు ఆగకుండా వినపడుతోంది.

ఆమె చెవి మీది పెన్సిలు తీసి రాసుకుంది. "పద్నాలుగు నిమిషాలు. మీ ఇద్దరే చేస్తే చాలదు. ఇంకో నలుగురికి నేర్పగలరా?"

"వాడు చూపిస్తాడు, నేను చెబుతాను మేడం," అన్నాడు బావ. గొంతు తిరిగొచ్చింది.

మూడు వారాలకి కబురు తెలిసింది. ఫ్యాక్టరీ ఈ ఊరికే వచ్చింది. షాపులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆఫీసరు స్వీటు పెట్టె పట్టుకుని అక్క షాపుకొచ్చాడు. అక్క పెట్టె అందుకుని పక్కన పెట్టింది. తమ్ముడి వైపు తిరిగింది.

"అంతా బాగానే ఉంది. రెక్క వచ్చిన రోజు రోడ్డు మూసేస్తారటగా, పద్నాలుగు నిమిషాలు. నాకు బేరాలు ఎనిమిదింటి నుంచి. ఆ వేళకి నువ్వు అడ్డంగా నిలబడితే, నా తమ్ముడివని కూడా చూడను."

"వాడికి చెబితే జవాబు రాదు, నాకు చెప్పు," అన్నాడు బావ.

"వాడికే చెబుతున్నా."



"ఆరున్నరకల్లా దాటించేస్తా అక్కా," అన్నాడు డ్రైవరు.