గౌనుతో పాటు వెళ్లినావిడ

వాపసుగారి ఇంట్లో దేనికీ ట్యాగు కత్తిరించేవారు కాదు. కిటికీ కర్టెన్ల అంచున ట్యాగులు వేలాడుతుండేవి. దిండు గలీబులకూ తువ్వాళ్లకూ, గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టాకూ కూడా ఉండేవి. సోఫాకి వచ్చినప్పటి ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉండేది. ఎండాకాలం దానిమీద కూర్చుని లేస్తే ఒంటికి అంటుకుని చర్రుమని ఊడొచ్చేది. అటక నిండా ఖాళీ అట్టపెట్టెలే. ఏ పెట్టె ఏ వస్తువుదో ఆయనకి కంఠతా వచ్చు.

ఆయన ఓ కంపెనీలో బిల్లులు సరిచూసే ఉద్యోగి. ఆన్‌లైన్‌లో కొనడం, కొన్నాళ్లు వాడుకోవడం, గడువు ముగిసేలోపు ఏదో వంక పెట్టి తిప్పి పంపడం, ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే రాబట్టుకోవడం ఆయనకి వ్యసనమంటే వ్యసనం, విద్య అంటే విద్య. వీధివాళ్లు పెట్టిన పేరు వాపసుగారు. ఎదురుగా పిలిచినా నొచ్చుకునేవాడు కాదు, పైగా మీసం సవరించుకునేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తడు, గొంతెత్తడు, తాగడు. "చూసి" అంటాడు, అంతే. గ్లాసు తీస్తుంటే "చూసి", తలుపు వేస్తుంటే "చూసి", మంచమ్మీద ఇటు నుంచి అటు తిరిగితే "చూసి".

ఆయన భార్యని వీధిలో పొడుగావిడ అనేవారు. పెళ్లికి ముందు పిల్లలకి ఈత నేర్పేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఇక్కడా ఈతకొలను ఉందని తెలిసి సంబరపడింది గానీ, ఈత దుస్తులు ఏ కంపెనీవాళ్లూ వాపసు తీసుకోరని ఆయన కొనివ్వలేదు. ఆవిడ కూడా గట్టిగా అడగలేదు. మెడ వెనక ట్యాగులు గుచ్చుకునీ గుచ్చుకునీ అక్కడ చిన్న కాయ కాసింది. మొదట్లో గోకేది. తర్వాత అదీ మానేసింది.

మూడో మనిషి అత్తగారు. ఆవిడ మోకాళ్లకి సుఖంగా ఉంటుందని కొడుకు తెచ్చిన కుర్చీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వెళ్లిపోయేవి. అందుకని కొత్త కుర్చీ వచ్చినప్పుడల్లా, "ఇది ఎన్నాళ్లుంటుందిరా?" అని అడిగి మరీ కూర్చునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కంపెనీవాళ్లు హోటల్లో విందు పెట్టారు. ఇంటావిడలతో రమ్మన్నారు. దానికోసం ఆయన ఓ గౌను తెప్పించాడు. నీలం రంగు, మడమల దాకా జారే గౌను. వీపున మెడ నుంచి నడుము దాకా జిప్పు. ఖరీదు చూసి పొడుగావిడ గుండెలు బాదుకుంది.

"మనం కొనుక్కుంటేగా!" అన్నాడాయన నవ్వి. "ఒక్క పూట. వేసుకుని, విప్పి, మడతపెట్టి పంపించేద్దాం."

అద్దంలో చూసుకుంటే బానే ఉంది. బానే ఉండడమేంటి, ఆవిడ కొలతలు తీసుకుని ఆవిడ కోసమే కుట్టినట్టుంది. చాలా రోజుల తర్వాత తన భుజాలు తనకే ముచ్చటగా కనిపించాయి.

"బావుంది, బావుంది. ట్యాగు లోపలికి దోపు," అన్నాడాయన.

హోటల్లో ఆయన ఆవిడ వెనకాలే తిరిగాడు. "కూర్చోకు, ముడతలు పడతాయి. రసం కారేవేవీ పెట్టుకోకు. గోడకి ఆనకు, సున్నం." ఆవిడ ఖాళీ ప్లేటు పట్టుకుని హాలు మధ్యలో నిలబడింది. మిగతా ఆడవాళ్లంతా కూర్చుని తింటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇంతలో మేనేజరుగారి భార్య పక్కకొచ్చి, చెవి దగ్గర చెప్పాల్సిన మాట కాస్త పైకే చెప్పింది. "అయ్యో, ట్యాగు బయటికొచ్చిందండీ. తియ్యడం మర్చిపోయినట్టున్నారు. ఉండండి, కత్తెర తెప్పిస్తాను."

"వద్దొద్దు!" అంటూ హాలు ఆ చివర నుంచి వాపసుగారు పరుగెత్తుకొచ్చాడు. చేతిలో చెంచా అలాగే ఉంది. అందరూ తలలు తిప్పారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అందరూ. పొడుగావిడ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకా ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యాలని ఆవిడకి తోచలేదు.

ఇంటికొచ్చాక జిప్పు రాలేదు.

ఆయన సబ్బు రాశాడు, కొవ్వొత్తి రుద్దాడు, పళ్లతో పట్టి లాగాడు. ఊహూఁ. కింది నుంచి పైకి తీద్దామంటే నడుము దగ్గర గుడ్డ చర్మానికి అతుక్కున్నట్టుంది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని వచ్చి వీపంతా పరీక్షగా చూసింది.

"ఇది రాదురా. పట్టుకుంది," అంది.

పక్కింటావిడ కూడా వచ్చి చూసి తల పంకించింది. "మా తమ్ముడికి ఓ బూటు ఇలాగే పట్టుకుంది. రెండు శీతాకాలాలు దాంతోనే పడుకున్నాడు పాపం," అని చెప్పి, పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది.

వాపసుగారి బెంగ ఒక్కటే, గడువు. గౌను మాసిపోకూడదు, నలక్కూడదు. అందుకని పొడుగావిడ వంటగదిలోకి వెళ్లడానికి వీల్లేకపోయింది, నూనె చిందుతుంది. వీధిలోకి వెళ్లడానికి వీల్లేకపోయింది, దుమ్ము. స్నానం లేదు. చేతులూ కాళ్లూ తడిగుడ్డతో తుడుచుకోవడమే. రాత్రిళ్లు పక్కకి తిరక్కుండా వెల్లకిలా పడుకోవాలి. భోజనం ఆయనే పెట్టేవాడు. గడ్డం కింద తువ్వాలు పరిచి, చెంచాతో, చిన్న చిన్న ముద్దలు. "నోరు తెరువు. ఇంకాస్త. చూసి." పెట్టడంలో ప్రేమ లేదనడానికీ లేదు. మూతి తుడిచేటప్పుడు ఆయన చెయ్యి ఎంత మెత్తగా ఉండేదో! ఆ మెత్తదనానికే ఆవిడకి ఏడుపొచ్చేది. ఏడిస్తే గౌను మీద పడుతుందని మింగేసేది.

పొద్దంతా కిటికీ దగ్గర నిలబడేది. గౌను రోజురోజుకీ బిగుస్తోంది. ఊపిరి సగం దాకా వెళ్లి, అక్కడేదో అడ్డం పెట్టినట్టు ఆగిపోయేది.

"కోసెయ్యండి," అంది ఒకరోజు.

"ఏం మాటలవి? అంత డబ్బు కత్తెరపాలు చేస్తామా?"

"నాకు ఊపిరాడట్లేదండీ."

"సర్దుకుంటుంది. కాస్త చిన్నగా పీల్చు."

ఆవిడ ఆయన్ని చూసింది. ఆ మాట ఆయన హాస్యానికి అనలేదు, కోపంతోనూ అనలేదు. నిజంగానే అదొక ఉపాయమని చెప్పాడు. అప్పటినుంచీ ఆవిడ చిన్నగానే పీల్చసాగింది. అలా పీల్చడం తనకి ఎప్పుడో అలవాటైపోయిందని అప్పుడే గుర్తించింది.

ఆఖరికి ఆయనే ఆవిణ్ని దర్జీ దగ్గరికి తీసుకెళ్లాడు, దుమ్ము పడకుండా పైన దుప్పటి కప్పి. దర్జీ జిప్పుని అటూ ఇటూ కదిపి చూశాడు. "తియ్యడం నావల్ల కాదు సార్. కొయ్యమంటే చిటికెలో కోసిపెడతా." మాట పూర్తి కాకుండానే పొడుగావిడ అతనికి వీపు అప్పగించేసింది. వాపసుగారు గబుక్కున ఇద్దరి మధ్యా దూరాడు. దర్జీ కత్తెర కింద పెట్టి, మిషను తొక్కుకోవడం మొదలుపెట్టాడు.

ఇంటికి రాగానే ఆయన కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"గౌను వాపసు ఇవ్వాలండీ. ట్యాగు ఉంది, మరక లేదు. కాకపోతే మా ఆవిడ ఒంటిమీద నుంచి రావట్లేదు."

"అర్థమైంది సార్," అంది అవతలి అమ్మాయి, రోజూ వినే సంగతే అన్నట్టు. "తొడుక్కున్న మనిషితో సహా పంపించొచ్చు సార్. గౌను వరకే రిఫండు వస్తుంది. మనిషికి ఏమీ రాదు."

"పర్లేదు, పర్లేదు," అన్నాడాయన. ఫోన్ పెట్టేశాక ముఖం వెలిగిపోయింది. "చూశావా? ఓపిక పడితే ఏదైనా వెనక్కొస్తుంది!"

అత్తగారు మాత్రం, "పంపించేస్తావట్రా?" అంది.

"రెండు రోజుల్లో వచ్చేస్తుందమ్మా. బస్సులుంటాయి."

మర్నాడు పొద్దున్నే పికప్ అతను వ్యాను వేసుకుని వచ్చాడు. ట్యాగు చూసుకున్నాడు. మిషనుతో కుయ్యిమనిపించి, ఆవిడ భుజం మీద ఓ స్టిక్కరు అంటించాడు. వాపసుగారు చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు, రేపు మరకుందంటే చూపించడానికి. అత్తగారు ఏమన్నా తిని వెళ్లమంది. ఆయన వద్దన్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి, బిస్కెట్ల పొట్లం ఒకటి కోడలి చేతిలో కుక్కి, "తిను. చిందితే చిందింది," అని గొణిగింది.

వ్యాను వెనక అంతా సంచులూ పెట్టెలూ. పొడుగావిడ పైకప్పుకి తల తగలకుండా వంగి, నిలబడ్డానికి చోటు వెతుక్కుంటోంది.

"కూర్చోండమ్మా," అన్నాడు పికప్ అతను తలుపు మూస్తూ. "అంత దూరం నిలబడతారా ఏంటి?"

"ముడతలు పడతాయేమో."

"పడనీండి. అక్కడ ఇస్త్రీవాళ్లున్నారుగా, వాళ్లకీ పనుండొద్దూ?"

ఆవిడ ఓ పెద్ద సంచి మీద కూర్చుంది. లోపల మెత్తగా ఏవో స్వెట్టర్లు. తలుపు మూసుకుంది, చీకటి. బిస్కెట్లు ఒక్కటీ మిగల్చకుండా తినేసింది. పొట్లం ఖాళీ అయ్యాక ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో, ఎప్పుడు నిద్రపోయిందో తెలీదు.

గోడౌను పేద్ద రైలు స్టేషనులా ఉంది. వాపసు వచ్చిన బట్టలు కొండల్లా పోసి ఉన్నాయి. చివర్న ఓ బల్ల దగ్గర లావుపాటి ఆడమనిషి స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే తిరగేసి చూస్తోంది. అందరూ ఆమెని చెకింగక్క అంటున్నారు. పొడుగావిడ వంతు రాగానే ఆమె లేచి వచ్చి, కాలర్ చూసింది, అంచు చూసింది, చంకల దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. వదులుతుందేమోనని జిప్పు ఒకసారి లాగి చూసింది. రాలేదు.

"సరే, బానే ఉంది. కారణం ఏం వెయ్యమంటావమ్మా? మీవాళ్లు ఖాళీ వదిలేశారు. సైజు సరిపోలేదా?"

"సరిగ్గా సరిపోయిందండీ."

"రంగు నచ్చలేదా?"

"రంగు చాలా నచ్చింది."

"మరి మనసు మారిందా?"

వెనక వరస పెరుగుతోంది. చెకింగక్క తొందర పెట్టలేదు. మిషను పక్కన పెట్టి, నుదుటి చెమట తుడుచుకుంటూ నిలబడింది.

"ఎవరి మనసు అని అడుగుతారా?" అంది పొడుగావిడ.

"అదేం అడగరమ్మా. మారిందా లేదా, అంతే."

"మారింది. మారిందనే వెయ్యండి," అంది. ఆ చివరి మాట అంటుండగానే ఊపిరి ఎక్కడా ఆగకుండా కడుపు దాకా వెళ్లింది. జిప్పు దానంతటదే సర్రుమని నడుము దాకా జారింది. చెకింగక్క తన ఒంటిమీది పొడుగాటి కోటు విప్పి ఆవిడకి అడ్డం పట్టి, బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్లి, బీరువాలోంచి తన చొక్కా, పైజామా ఇచ్చింది. చొక్కా వెడల్పులో ఇద్దరు పడతారు. పైజామా మోకాళ్ల కిందికి రాలేదు. ఇద్దరూ చూసుకుని నవ్వుకున్నారు.

సాయంత్రం వాపసుగారి ఫోను. "వచ్చేసింది! పూర్తిగా వేసేశారు! ఒక్క పైసా తగ్గించలేదు!" సంతోషం కాస్త తగ్గాక, "నువ్వెప్పుడు బయల్దేరుతున్నావు?" అన్నాడు.

"నేనిక్కడే ఉంటానండీ."

"ఎన్నాళ్లు?"

"గడువేం పెట్టుకోలేదు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. తర్వాత కస్టమర్ కేర్‌కి చేశాడట. "మాకు చేరాల్సింది గౌను ఒక్కటే సార్. చేరింది. రిఫండు మీరు తీసుకున్నారు. ఇంకేమైనా సహాయం కావాలా?" అందట ఆ అమ్మాయి. ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. ఆవిడ ఎత్తేది, బాగోగులు అడిగేది, పెట్టేసేది. బస్సు మాట మాత్రం ఎత్తనిచ్చేది కాదు.

గోడౌను గేటుకి ఎదురుగా ఓ రొట్టెల దుకాణం ఉంది. అక్కడ కౌంటరు మీద కూర్చునే మనిషి కావాలంటే పొడుగావిడ చేరింది. చెకింగక్క ఇంటి మేడమీద గది తీసుకుంది. జీతం రాగానే రెండు వీధుల అవతలున్న కొలనుకి వెళ్లి పేరు రాయించుకుంది. మొదటి రోజు నీళ్లలో దిగి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్లేసరికి రొప్పొచ్చింది. అయినా ఆగకుండా వెనక్కి ఈదుకుంటూ వచ్చింది. అంతా హాయిగా ఉందని కాదు. కొన్ని పొద్దుల్లో లేవగానే అలవాటుగా వెల్లకిలా బిగుసుకుని ఉండేది. కదలొచ్చని గుర్తు రావడానికి కాస్త టైము పట్టేది.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం గేటు ముందు వ్యాను ఆగింది. పికప్ అతను దిగి, వెనక తలుపు తీసి, ఎవరికో చెయ్యందించాడు. ముందు ఓ చెప్పు కనిపించింది, తర్వాత మోకాలు, ఆ తర్వాత బూడిదరంగు ఉన్నికోటులో మునిగిపోయిన పొట్టి మనిషి. భుజం మీద స్టిక్కరు.

పొడుగావిడ కౌంటరు వదిలేసి రోడ్డుకి అడ్డంపడి పరుగెత్తింది. "అత్తయ్యా!"

"ఆఁ, నేనేనే అమ్మాయ్," అంది అత్తగారు, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తీరిగ్గా చూస్తూ. "పెళ్లికెళ్లడానికి మీ ఆయన ఈ కోటు తెప్పించాడు. పట్టుకుందని చెప్పాను. నిన్న గడువు ముగిసిపోతోందని వాడు తెగ కంగారుపడ్డాడు."

పొడుగావిడ ఆవిడ చుట్టూ తిరిగి చూసింది. బొత్తాలు వదులుగానే ఉన్నాయి. ఒకటి అసలు పెట్టుకోనే లేదు.

"నిజంగానే రావట్లేదా అత్తయ్యా?"

"ఏమోనే," అంది అత్తగారు, కోడలి చెయ్యి పట్టుకుని గేటు వైపు నడుస్తూ. "నేనైతే లాగి చూళ్లేదు."