ఆషాఢానికి ముందు పోతరాజు

క్యారమ్ బోర్డు మీద రక్తం పడ్డాక గాని తన చెయ్యి లేచిన సంగతి హనుమాండ్లుకు తెలియలేదు.

వేపనీడ హోమ్ అమీర్‌పేటలో మెట్రో లైన్ వెనక సందులో ఉంది. ఉండేవాళ్ళంతా వయసు మళ్ళినవాళ్ళు. ఎండలు ముదిరితే సాయంత్రం నడక బంద్ అవుతుంది కనుక మేనేజర్ అరుణాదేవి కింది హాల్లో రెండు కూలర్లు పెట్టించి, ఆదివారం ఆదివారం ఏదో ఒక కార్యక్రమం జరిపిస్తుంది. ఏప్రిల్లో ఒక ఆదివారం క్యారమ్స్ పోటీ పెట్టింది. హనుమాండ్లుకు ఎదురుగా కేదార్ కూర్చున్నాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆట ఓడిపోతున్నాడు. ఆ ఉక్రోషంలో గోడ పక్కనున్న చక్రాల కుర్చీ వైపు గడ్డంతో చూపించాడు.

"జర ఆ బొమ్మను పైకి తీస్కపోండ్రి. చొల్లు కార్చుకుంట నన్నే చూస్తుండు. స్ట్రైకర్ సుత అటే పోతున్నది."

హనుమాండ్లు బోర్డు మీదుగా వంగి ఒక్కటిచ్చాడు. కేదార్ ముక్కు ఎముక విరిగింది. పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించుకొచ్చారు.

కుర్చీలో ఉన్న మనిషి కృపావరం. హనుమాండ్లుతో ఒకే గదిలో ఉంటాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. ఏమడిగినా "సరే" అంటాడు. అన్నం తింటావా అంటే సరే. నొప్పిగా ఉందా అంటే సరే. నెలకోసారి చర్చి వాళ్ళు వచ్చి ప్రార్థన చేసి పోతారు. ఇంకెవరూ రారు. రాత్రి దాహమైతే అతనికి నీళ్ళు పట్టేది, దుప్పటి కప్పేది హనుమాండ్లే.

"ఏంటండీ హనుమాండ్లు గారూ, ఈ వయసులో కొట్లాటలేంటి?" అంది అరుణాదేవి, ఆఫీసు గదిలో కూర్చోబెట్టి. "ఇంకొక్కసారి మీ చెయ్యి లేచిందా, మీ అమ్మాయిని పిలిచి అప్పజెప్పేస్తాను. నా దగ్గర రెండో మాట ఉండదు."

అమ్మాయి వనిత బోరబండలో ఒక్క గదిలో ఉంటుంది. మొగుడు, పిల్లలు, అత్త, అందరూ అందులోనే. ఇక్కడికి రాకముందు హనుమాండ్లు ఆ ఇంటి మెట్ల మీద పడుకునేవాడు.

"నాయనా, నీ కాళ్ళు మొక్కుత," అంది వనిత ఫోన్లో. "ఎవ్వడేమన్న అననీ. నీ చెయ్యి జేబుల పెట్టుకో."

"పెట్టుకుంట బిడ్డా," అన్నాడు.

మే వచ్చింది. బోరు ఎండిపోయింది. ట్యాంకరు ఒకరోజు వస్తే ఒకరోజు రాలేదు. స్నానాలన్నీ బకెట్ల మీదికి వచ్చాయి. పొద్దున్నే ముసలివాళ్ళందరికీ వరసగా స్నానం చేయించే పని దినేశ్‌ది. హోమ్‌లో దినేశ్ అంటే పడనివాళ్ళు లేరు. తంబోలా ఆడిస్తే నంబర్లు అతనే పిలవాలి. అంత్యాక్షరిలో ఏ జట్టు ఓడిపోతుంటే ఆ జట్టులోకి దూరేవాడు. బల్కంపేట నుంచి వచ్చిన సత్తెమ్మకు రోజూ రెండు మూరల మల్లెపూలు తెచ్చి ఇచ్చేవాడు.

ఒక పొద్దున హనుమాండ్లు తన వంతు కోసం బాత్రూం బయట స్టూలు మీద కూర్చున్నాడు. లోపల కృపావరం ఉన్నాడు. తలుపు వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. తడి తువ్వాలు మెలిపెట్టి ఒంటి మీద కొడితే వచ్చే చప్పుడు. హనుమాండ్లు ఇంకోటి అనుకోవడానికి లేదు. ఇరవై ఏళ్ళు బోనాలకు పోతరాజు వేషం కట్టి కొరడా తిప్పిన మనిషి.

"లెవ్వమంటే లెవ్వవు రా ముసలోడా," అంటున్నాడు దినేశ్. గొంతు పెద్దది చెయ్యలేదు.

"సరే," అన్నాడు కృపావరం.

దెబ్బ.

"సరే."

హనుమాండ్లు తలుపు తోశాడు. కృపావరం బట్టలు లేకుండా పీట మీద ఉన్నాడు. ఎడమ చెయ్యి నెత్తి మీద అడ్డం పెట్టుకుని వంగిపోయి ఉన్నాడు. వీపు మీద ఎర్రగా గీతలు.

"ఏంది తాతా? సబ్బు జారింది. పడబోయిండు. పట్టుకున్న," అన్నాడు దినేశ్.

హనుమాండ్లు చెయ్యి లేచింది. దినేశ్ ఆ చెయ్యి వంక చూశాడు. తర్వాత తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు.

"కొట్టు తాతా. మేడం కిందనే ఉన్నది. నువ్వు బోరబండకు పోతవు. కృపన్న ఈడనే ఉంటడు, నా దగ్గర."

హనుమాండ్లు చెయ్యి దించాడు.

కిందికి పోయి అరుణాదేవికి చెప్పాడు. ఆమె పైకి వచ్చింది. దినేశ్‌ను పక్కనే నిలబెట్టుకుని కృపావరాన్ని అడిగింది.

"దినేశ్ మిమ్మల్ని కొట్టాడా అండీ?"

"సరే."

"కొట్టలేదు కదా?"

"సరే."

"లేపేటప్పుడు నడుం బెల్టు ఒరుసుకున్నది మేడం," అన్నాడు దినేశ్. "పౌడర్ రాస్తున్న."

అరుణాదేవి హనుమాండ్లును వరండాలోకి పిలిచింది. "మీకు వాడి మీద కోపం ఉంటే నాతో చెప్పండి. ఇలా చాడీలు వద్దు. ఈ ఎండల్లో ఈ పని చెయ్యడానికి ఇంకో మనిషి దొరుకుతాడా చెప్పండి."

ఆ మర్నాటి నుంచి వీపు మీద గీతలు లేవు. దెబ్బలు చంకల కిందికి, అరికాళ్ళకు మారాయి. స్నానాల వేళ దినేశ్ ఫోన్లో పాటలు పెట్టేవాడు. హనుమాండ్లు రోజూ బాత్రూం బయట స్టూలు మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. దినేశ్ గదిలోకి వస్తే చాలు, కృపావరం ఎడమ చెయ్యి నెత్తి మీదికి పోయేది.

ఆవకాయ పెట్టిన వారం అరుణాదేవి ఒక కబురు చెప్పింది. నెలాఖరు ఆదివారం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పిల్లలు వస్తారు, పెద్దవాళ్ళతో ఒక పూట గడుపుతారు. వాళ్ళకు బోనాలు చూపించాలి.

సత్తెమ్మ ముక్కలు తుడిచే గుడ్డ కింద పెట్టింది. "ఆషాఢం రాలే. అమ్మను ఇప్పుడెట్ల లేపుతరు? ఆమె రాకముందే ఆమె తమ్ముడు పోతరాజును నిలబెడ్తరా? మంచిది కాదు మేడం."

"ఉత్తి ప్రోగ్రామే కదా సత్తెమ్మ గారూ. ఆషాఢంలో వాళ్ళకు కుదరదట. పోతరాజు వేషం ఎవరికైనా వచ్చా?"

జవాబు దినేశ్ చెప్పాడు. "మన పహిల్వాన్ తాత లేడా మేడం. బల్కంపేట గల్లీలల్ల అడుగున్రి, ఈన కొరడా దెబ్బకు లైన్ కడుతుండెనట. మా అమ్మ సుత ఏటేటా పోతరాజు చేత దెబ్బ తినొస్తది. ఏడాది పొడుగునా పీడ అంటదట."

"అంటది కాదు రా, పోతది," అంది సత్తెమ్మ.

"గదే. నాకు సుత రెండు తగిలియ్యి తాతా. టైం బాగలేదు."

హనుమాండ్లు ఆవకాయ జాడీ వంక చూస్తూ సరేనన్నాడు.

కొరడా హోమ్‌లోనే తయారైంది. మామిడికాయలు తెచ్చిన గోనెసంచులు విప్పి, కూలర్ల ముందు కూర్చుని అందరూ వారం రోజులు నార పేనారు. సత్తెమ్మ నూనె రాసింది. కేదార్ ముక్కు మీద పట్టీతోనే ఒక కొస పట్టుకున్నాడు. "నేను పేనిన దాంతోని నన్నే కొట్టకు భాయ్," అన్నాడు. హాలంతా నవ్వింది. హనుమాండ్లు కూడా నవ్వాడు. కృపావరం ఎడమ చేతికి ఒక కొస ఇస్తే సాయంత్రం దాకా వదల్లేదు.

పోతరాజు కొరడా పనంతా మోతలో ఉంటుంది. కొస గాలిలో మోగాలి. మనిషి మీద పడేసరికి అందులో బలం ఉండకూడదు. మణికట్టుకు చుట్టుకుని జారిపోవాలి. చూసేవాళ్ళకు గుండె ఆగాలి గాని తిన్నవాడికి చీమ కుట్టినట్టు ఉండాలి. ఇరవై ఏళ్ళలో హనుమాండ్లు చేతి కింద ఒక్కరి తోలు కూడా చిట్లలేదు. ఆదివారం కూడా అట్లాగే తిప్పుదామనుకున్నాడు. వనితకు ఫోన్ చేసి అదే చెప్పాడు. "ఉత్త వేషమే బిడ్డా."

ఆదివారం పొద్దున అతని ఒంటికి పసుపు పూశారు. ఎర్ర బట్ట కట్టారు. కాళ్ళకు గజ్జెలు, నోట్లో నిమ్మకాయ. డప్పుల వాళ్ళు ముగ్గురు వచ్చారు. కంపెనీ పిల్లలు ఒకే రంగు టీషర్టులతో గోడ పొడుగునా ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. సత్తెమ్మ నెత్తిన బోనం పెట్టుకుని నడిచింది. ఆమె ముందు హనుమాండ్లు ఆడుతూ వచ్చాడు. మోకాలు నొప్పి పుట్టింది, కాసేపటికి తెలియకుండా పోయింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపారు. కొరడా మోగింది, చుట్టుకుంది, జారింది. వాళ్ళు మణికట్లు చూసుకుని నవ్వుకుంటూ పోయారు.

అప్పుడు దినేశ్ వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. గళ్ళ తువ్వాలు, స్నానాల గదిలోది. డప్పుకు రెండు అడుగులు వేసి, ఫోన్ల వైపు తిరిగి, రెండు చేతులూ ముందుకు చాపాడు.

"కొట్టు తాతా," అన్నాడు.

దినేశ్ భుజం మీదుగా హనుమాండ్లుకు గోడ పక్కన చక్రాల కుర్చీ కనిపించింది. కృపావరం చెయ్యి నెత్తి మీద ఉంది.

ఈసారి కొరడా మోగలేదు. బలమంతా ఒంటి మీదికి పోయింది. మణికట్టు మీద తోలు లేచింది. దినేశ్ మొహం మీద నవ్వు ఇంకా పోలేదు, రెండోది భుజం మీద పడింది. మూడోది చెవి దగ్గర మొదలై పెదవి దాకా చీల్చింది. దినేశ్ మోకాళ్ళ మీద పడ్డాడు. హనుమాండ్లు ఆపలేదు. మెడ మీద, వీపు మీద, అడ్డం పెట్టిన వేళ్ళ మీద కొట్టాడు.

ఎవరూ ఆపలేదు. పూనకం వచ్చిన పోతరాజుకు అడ్డం పోరు. డప్పుల వాళ్ళు ఇంకా జోరుగా వాయించారు. "అమ్మొచ్చింది, సాక పొయ్యిన్రి," అంది సత్తెమ్మ. ఇద్దరు ముసలమ్మలు చెంబులతో వచ్చి హనుమాండ్లు పాదాల దగ్గర పసుపు నీళ్ళు పోశారు. కంపెనీ పిల్లలు చప్పట్లు కొట్టారు. నీళ్ళలో ఎరుపు కలిశాక ఒకమ్మాయి చప్పట్లు ఆపింది.

పసుపు నీళ్ళలో హనుమాండ్లు కాలు జారింది. పడ్డాడు. దినేశ్ లేచాడు. పెదవి చీలి పళ్ళు కనిపిస్తున్నాయి. ముందు ముసలివాడి మోకాలి మీద తన్నాడు, తర్వాత డొక్కలో. తల నుంచి తువ్వాలు లాగి నీళ్ళలో ముంచి మెలిపెట్టాడు. ఆ పని చేతికి అలవాటైన పని.

"లెవ్వు రా ముసలోడా," అన్నాడు. "లెవ్వమంటే లెవ్వవు."

డప్పులు ఆగిపోయాయి. తువ్వాలు చప్పుడు హాలంతా వినిపించింది.

"సరే," అన్నాడు కృపావరం గోడ పక్క నుంచి.

ఇంకో దెబ్బ హనుమాండ్లు వీపు మీద పడింది.

"సరే," అన్నాడు కృపావరం. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, మోకాళ్ళ దాకా వంగిపోయి. తనను ఎవరూ ముట్టుకోలేదు. దెబ్బ దెబ్బకూ అతను సరే అంటున్నాడు.

ముందు కేదార్ తల తిప్పి కృపావరాన్ని చూశాడు. తర్వాత సత్తెమ్మ, తర్వాత అందరూ. డప్పుల వాళ్ళు దినేశ్‌ను వెనక్కి లాగి గోడకు అదిమి పట్టారు. అరుణాదేవి కుర్చీ దగ్గరికి పోయి కృపావరం చెయ్యి మెల్లగా ఎత్తి, చొక్కా పైకి జరిపి, చంక కింద చూసింది. చాలాసేపు చూసింది. చొక్కా దించి గుండీ పెట్టింది. తర్వాత పోలీసులకు ఫోన్ చేసింది.

దినేశ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొహానికి అద్దుకున్న గుడ్డ ఎర్రగా తడిసింది. "ఇంతమందికి నేనొక్కణ్ణే," అన్నాడు. "నీళ్ళు లేవు. ఒక్కణ్ణే."

ఆఫీసు గదిలో అరుణాదేవి తలుపు వేసింది. హనుమాండ్లు ఒంటి మీద పసుపు చెమటకు చారలు కట్టింది. ఊపిరి తీస్తే డొక్కలో పొడుస్తోంది.

"వాడు మళ్ళీ ఈ గడప తొక్కడు. మీరు చెప్పినప్పుడే నేను వినాల్సింది," అంది. "వాడి కన్ను పోయేదండీ. వేలెడు దూరంలో తప్పింది. పోలీసులు అడుగుతారు, హోమ్ ట్రస్టు వాళ్ళు అడుగుతారు. మీకు పూనకం వచ్చింది. అంతే కదా? అదే చెప్పండి, నేనూ అదే చెప్తాను. సత్తెమ్మ గారు ఇప్పటికే అందరికీ చెప్తున్నారు. మీరు ఇక్కడే ఉండొచ్చు."

హనుమాండ్లు నిమ్మకాయ తొక్క నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆషాఢం రాలే గద మేడం," అన్నాడు. "అమ్మ రాలే. ఆమె మీద పెట్టకున్రి. నేనే కొట్టిన. ఎందుకు కొట్టిన్నో గది సుత రాయమనున్రి. పూనకమంటే అది రాయరు."

అరుణాదేవి ఫోన్ అందుకుంది. వనిత నంబరు నొక్కింది.

పోలీసులు వచ్చి అందరినీ అడిగి, రాసుకుని, పిలిస్తే రావాలని హనుమాండ్లుకు చెప్పి, దినేశ్‌ను తీసుకుపోయారు. సాయంత్రానికి వనిత ఆటోలో వచ్చింది. తండ్రి బట్టలు సంచీలో కుక్కి, సంచీ తీసుకుని కిందికి దిగింది. "జల్దీ రా నాయనా," అంది మెట్ల మీది నుంచి.

కృపావరం కుర్చీ కిటికీ దగ్గర ఉంది. హనుమాండ్లు కుంటుకుంటూ పోయాడు. మొహం కడుక్కున్నాడు గాని చేతులకు పసుపు పోలేదు.

"కృపన్నా, పోతున్న," అని భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు.

కృపావరం ఎడమ చెయ్యి నెత్తి మీదికి పోయింది.

హనుమాండ్లు చెయ్యి గాలిలోనే ఆగింది. వెనక్కి తీసుకున్నాడు. గోడ పట్టుకుని, ఒక కాలు చాపుకుని, కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. కింద ఆటోవాడు హారన్ కొట్టాడు. వనిత సందులోంచి పిలిచింది. హనుమాండ్లు లేవలేదు. ఆ చెయ్యి దిగేదాకా అక్కడే కూర్చుందామనుకున్నాడు.