అద్దాల బీరువాలో గుమ్మడి పువ్వు

మా యూనివర్సిటీ కాలేజీ బోటనీ ల్యాబులో బూజు పట్టిన పూల బొమ్మల్ని ఇన్నేళ్లుగా దులిపి పాఠం చెప్పింది నేను. వందేళ్ల కిందట జర్మనీలో కాగితపు గుజ్జుతో చేసి, చేత్తో రంగులద్దిన పూలవి. రేకులు, కేసరాలు, పిందె దేనికది ఊడదీసి పిల్లలకు చూపించవచ్చు. వాటి సంగతి ఎన్నిసార్లు చెప్పినా ప్రిన్సిపాల్ తలూపి ఊరుకున్నాడు. నిన్నగాక మొన్న డ్రాయింగ్ చెప్పడానికి వచ్చిన కల్పలత "ఇది ఆర్ట్ సార్" అందో లేదో, అద్దాల బీరువాలు వచ్చాయి, ప్రదర్శనకు తేదీ కుదిరింది, పేపర్లో ఆమె ఫోటో పడింది. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

తుడవడానికని కల్పలత బొమ్మలన్నీ ఊడదీసింది. నేను రోజూ మెట్టుగూడ నుంచి పెందలాడే వచ్చి, సాయం చేస్తున్నట్టు పక్కన నిలబడేదాన్ని. తిరిగి బిగించేటప్పుడు గుమ్మడి పువ్వు దగ్గర ఆమె పొరబడింది. గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈవిడ ఆడపువ్వు పిందె మీద మగపువ్వు కేసరాలు కూర్చోబెట్టింది.

"ఎట్లుంది మేడం? నిండుగ కనిపిస్తుంది గదా?"

"చాలా బాగుంది" అన్నాను.

అలాంటి పువ్వు ఏ పాదుకూ పూయదు. ప్రారంభానికి వచ్చేది నాకు బోటనీ చెప్పిన మధుసూదన్ మాస్టారు. ఆయన కంట పడితే చాలు, అందరి ముందూ కల్పలత పరువు పోతుంది. ఆ సంబరంలో నాకు నిద్ర కూడా బాగా పట్టింది.

ప్రారంభం రోజు ఉదయం సీతాఫల్‌మండి వెళ్లి మాస్టారిని ఆటోలో నేనే తీసుకొచ్చాను. చెయ్యి పట్టుకుని నేరుగా ఆ బీరువా దగ్గరికే నడిపించాను. ఆయన పువ్వును చూసి నుదురు చిట్లించారు. కింద కొత్తగా అంటించిన చీటీ చదివి, నావైపు తిరిగారు.

"గిది నువ్వు చూసినంకనే పెట్టిన్రా, ప్రిసిల్లా?"

వంగి చూశాను. 'కూర్పు: ప్రిసిల్లా, బోటనీ విభాగం.' అన్ని బొమ్మల కిందా నా పేరే.

"పేరు మేడందే ఉండాలని నేనే పట్టుబట్టిన సార్" అంది కల్పలత వెనక నుంచి, సంతోషంగా. "ఇన్నేండ్లు వీటిని కాపాడింది ఆమెనే. పూల సంగతి నాకేం తెలుసు? రోజూ నా పక్కనే నిలబడి చూసిండ్రు. జెర తప్పున్నా సుత చెప్పేటోళ్లు గదా."

మాస్టారు నా జవాబు కోసం చూస్తూ నిలబడ్డారు.